విని కొన్న ఇంజిన్

మా వియ్యంకుడుగారు పోయారని రాజమండ్రి నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను షార్జాలో మా ఇంట్లో ఇడ్లీకి మినప్పప్పు కొలుస్తున్నాను. ఆయన కంటి ఆపరేషన్ కోసం ఊరు వెళ్ళారు. ఆపరేషన్ బాగానే జరిగిందట. మధ్యాహ్నం భోంచేసి, పడక కుర్చీలో కూర్చుని, రేడియో పెట్టమన్నారట. పెట్టేసరికి ఆయన లేరు. నేను విన్నాను, సరేనన్నాను, అమ్మాయికి నేనే చెబుతానన్నాను. ఫోన్ పెట్టేసి గ్లాసు చేతిలోకి తీసుకుంటే, అంతకు ముందు ఎన్ని పోశానో గుర్తులేదు. నాకు అలా జరగదు. పప్పంతా తిరిగి డబ్బాలో పోసి మొదటినుంచి కొలిచాను.

ఆయన మా అమ్మాయికి మామగారు. ఆడపిల్ల తల్లి అల్లుడింట్లో కాపురముండడం, అదీ వియ్యంకుడున్న ఇంట్లో ఉండడం, మా వైపు ఎవరూ మెచ్చే పని కాదు. కానీ కోవిడ్ రెండో ఏడు మా అల్లుడు పోయాడు. మా అమ్మాయి ఉద్యోగమూ పిల్లనూ ఒక్కతే చూసుకోలేక మా ఇద్దరినీ పిలిపించుకుంది. ఆయనకు భార్య లేదు, నాకు భర్త లేడు. కాకినాడలో జూనియర్ కాలేజీ పిల్లలకు కామర్స్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఇంటి ఖర్చు నా చేతిలో ఉండేది. ఆయన కరెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి, సాయంత్రాలు పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. ఒకే కప్పు కింద మేమిద్దరం మూడేళ్ళకు పైగా ఉన్నాం. నన్ను చెల్లెమ్మగారూ అనేవారు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని. హాల్లోకి వచ్చే ముందు గుమ్మం అవతలే ఒకసారి దగ్గేవారు. నేను కూర్చుని ఉంటే తాను నిలబడే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళేవారు. నేను చాలాసార్లు చెప్పి చూశాను, కూర్చోండని. "మీరు టీచరుగారు కదండీ" అని నవ్వేవారు. అది గౌరవమో ఎగతాళో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయనకు ప్రతిదీ చెవితోనే తెలిసేది. కుక్కర్ మూత సరిగ్గా పడలేదని హాల్లోంచే చెప్పేవారు. ఏసీలో నీళ్ళు కారబోతున్నాయని కారకముందే చెప్పేవారు. ఇంట్లో ఏ విషయం మీద వాదన వచ్చినా ఆయన నోట వచ్చే మొదటి మాట ఒకటే: "ముందు విందామండి. విన్నాక మాట్లాడుకుందాం." నాకది సాగదీత అనిపించేది. నేను తేల్చి పారేసే మనిషిని.

ఇప్పుడు కారు సంగతి చెప్పాలి. మా అల్లుడికి ఒక పాత అమెరికా కారు ఉండేది. డెబ్బైల చివర్లో తయారైంది. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. అల్ ఐన్‌లో ఒక అరబ్బు పెద్దాయన ఖర్జూరపు తోటలో షెడ్డు కింద దుమ్ము కొట్టుకుని ఉంటే చూసి, మనసు పారేసుకుని కొన్నాడు. బానెట్ ఎత్తితే లోపలి రేకు మీద తెల్లరంగుతో చేత్తో రాసిన అరబ్బీ అంకెలు మూడున్నాయి. అది ఘనపుటంగుళాల్లో ఇంజిన్ పరిమాణం అని ఆ పెద్దాయన అన్నాడట. మా అల్లుడు చదువుకుని, మూడువందల యాభై అన్నాడు. ఈ బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళలో మూడువందల యాభై అంటే ఒక మర్యాద అట. అంత మంచి ఇంజిన్ అంత చవగ్గా వచ్చిందని ఏళ్ళ తరబడి మురిసిపోయాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ముందు మంచినీళ్ళు, తర్వాత మూడువందల యాభై.

కొన్న రోజున రాజమండ్రిలో ఉన్న తండ్రికి ఫోన్లో ఒక రికార్డు పంపాడు. "నాన్నా, మాట్లాడకు, విను" అంటాడు. తర్వాత ఇంజిన్ చప్పుడు. కొంచెం సేపు తర్వాత, "మూడొందల యాభై నాన్నా" అంటాడు. అంతే. అల్లుడు పోయాక వియ్యంకుడుగారు రోజూ పొద్దున్నే బాల్కనీలో నిలబడి దాన్ని వినేవారు. తలుపు వేసుకునే వినేవారు. అయినా వంటింట్లోకి వినబడేది. పోయినవాడు మెట్ల కింద బండి స్టార్ట్ చేసి, ఆఫీసుకు బయల్దేరుతున్నట్టు ఉండేది. మా అమ్మాయి ఆ వేళకు కుళాయి పెద్దగా తిప్పి గిన్నెలు కడిగేది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం నేను చూశాను.

బండి మాత్రం కదలడం మానేసింది. అల్లుడు బతికుండగానే ఒక ఎండాకాలం రేడియేటర్ కారిపోయి ఇంజిన్ కాగిపోయింది. బాగు చేయిద్దామనుకుంటూ ఉండగానే మనిషి పోయాడు. ఇంటి పక్క షెడ్డులో కవరు కప్పుకుని ఉండేది. గాలికి ఆ కవరు లేచి పడుతుంటే ఎవరో కింద ఊపిరి తీసుకుంటున్నట్టుండేది. అటువైపు కిటికీ తెరవడం నేనే మాన్పించాను.

ఇంటి యజమాని ఆ షెడ్డు తీసేసి అక్కడ గది కడతానన్నాడు. బండి వీధిలో పెడితే దుమ్ము పట్టిన బండి అని మునిసిపాలిటీవాళ్ళు నోటీసు అంటించి పట్టుకుపోతారు. మా అమ్మాయి ఒక సాయంత్రం మా ఇద్దరినీ పిలిచి, వేసవి సెలవుల్లోపు తనంతట తాను నడిచి షెడ్డులోంచి బయటికి వస్తే ఉంచుకుందాం, లేకపోతే తుక్కుకు ఇచ్చేద్దాం అంది. ఆయన కోడలికి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఆరోజూ చెప్పలేదు. మర్నాడు నా దగ్గరికొచ్చి, దగ్గి, "ఇంజిన్ కొనాలంటే ఎవరినడగాలండీ?" అన్నారు. కార్ల గురించి ఆయనకు తెలిసినదల్లా ఎక్కడం, దిగడం.

షార్జా సనయ్యలో, అంటే కార్ఖానాల పేటలో, కడప నుంచి వచ్చిన ముస్లిం మెకానిక్ ఒకతను దొరికాడు. ఇరవై ఏళ్ళుగా పాత బళ్ళే చేస్తున్నాడు. బండిని లాగించుకుపోయి, ఇంజిన్ దించి, మమ్మల్ని రమ్మన్నాడు. డబ్బు నా చేతిలోది కాబట్టి నేనూ వెళ్ళాను. ఇంజిన్ దిమ్మెలో, అదే బ్లాకులో, నిలువునా పగులు ఉంది. అతికిస్తే నిలవదని చెప్పాడు. అమెరికా నుంచి కొత్తది చెక్కపెట్టెలో తెప్పించుకోవచ్చు, నెలలు పడుతుంది. లేదంటే ఇదే కుటుంబానికి చెందిన పాత ఇంజిన్ ఇక్కడి తుక్కు దుకాణాల్లో వెతకాలి. అయితే రంగు చూసి మోసపోకూడదట. రంగు ఎవడైనా వేస్తాడు. పై మూతలు ఎవడైనా మారుస్తాడు. పోత పోసినప్పుడే దిమ్మె వెనక అంచున, గేర్‌బాక్సు తగులుకునే చోట, ఒక నంబరు ఉబ్బుగా వస్తుంది. దాన్ని మాత్రం ఎవడూ మార్చలేడు. ముందు మన పాత దిమ్మె నంబరు చదువుకుంటే, దానికి జోడీ వెతకొచ్చు.

కిరసనాయిలు పోసి తీగ బ్రష్‌తో రుద్దాడు. నంబరు బయటపడింది. ఫోన్లో చూశాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత స్కేలు తెచ్చి సిలిండర్ రంధ్రం మీద పెట్టి నన్ను చదవమన్నాడు.

"నాలుగంగుళాలుండాల మూడొందల యాభై అయితే. ఎంతుండాది చూడమ్మా?"

పావంగుళం తక్కువ ఉంది. ఇది మూడువందల అయిదు అన్నాడు. ఆ కుటుంబంలోదే, చిన్నది. బయటనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, బిగించే బోల్టులు కూడా అవే. మా అల్లుణ్ణి ఆ తోట పెద్దాయన మోసం చేశాడన్నమాట అన్నాను. మెకానిక్ బండి దగ్గరికి తీసుకెళ్ళి, రేకు మీది తెల్ల అంకెలు చూపించాడు. ఒక మూడు, ఒక చుక్క, ఒక గుండ్రం.

"మోసం ల్యా ఏం ల్యా. ఆయప్ప సరిగ్గానే రాసినాడు. అరబ్బీలో చుక్క సున్నా, గుండ్రం అయిదు. గుండ్రం చూడంగానే మనోళ్ళు సున్నా అనుకుంటారు. అది సున్నా అయితే ఈ చుక్క అయిదు కావాల గదా. మీవోడు తిరగేసి చదివినాడు పెద్దాయనా, ఖలాస్" అని నవ్వాడు. ఎదురుగా ఉన్నది ఎవరో అప్పుడు గుర్తొచ్చి, బ్రష్ తీసుకుని అవతలికి వెళ్ళిపోయాడు.

వియ్యంకుడుగారు ఆ రేకు మీద వేలు పెట్టి, చుక్క దగ్గర కొంచెం సేపు ఆపారు.

మెకానిక్‌ను వెంటబెట్టుకుని, జోడీ వెతుకుతూ చాలా దుకాణాలు తిరిగాం. చివరికి ఒకచోట రెండూ దొరికాయి, ఒకే వరసలో. ఒకటి మూడువందల అయిదు, ఒకటి మూడువందల యాభై. రెండిటి వెనక నంబరూ రుద్దించి చదివించాం. దుకాణంవాడు వాటిని ఇనుప చట్రం మీద బిగించి ఒక్కొక్కటే స్టార్ట్ చేసి వినిపించాడు. నాకు రెండూ ఒకటే గోల. వియ్యంకుడుగారు ఒక చెవికి ఫోన్ ఆనించుకుని, కళ్ళు మూసుకుని, రెండో చెవితో ఆ ఇంజిన్లు విన్నారు. పెద్దది నడుస్తుంటే తల అడ్డంగా ఊపారు. చిన్నది నడుస్తుంటే ఊపలేదు. ఊపిరి కూడా పీల్చినట్టు లేరు. ఇనుప తుక్కు మధ్య, చెమట కారుతూ, ఆ మనిషి నిలబడిన తీరు చూస్తే నాకు భయమేసింది. ఆయన అక్కడ లేరు. ఎవరో పిలుస్తుంటే పోల్చుకుంటున్నారు.

మెకానిక్ పెద్దదే తీసుకోమన్నాడు. వెల ఇంచుమించు అంతే, బలం ఎక్కువ, తెలిసినవాడెవడూ చిన్నది కొనడు అన్నాడు. ఆలోచించుకుంటామని మేమిద్దరం పక్కనున్న కెఫెటేరియాలో కరక్ చాయ్‌కి కూర్చున్నాం. ఆయన నా ఎదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

నేనూ పెద్దదే అన్నాను. ఎలాగూ ఇంజిన్ మారిస్తే పరీక్షకు చూపించి ముల్కియాలో, అదే రిజిస్ట్రేషన్ కార్డులో, కొత్త నంబరు రాయించాలి. బండి కాగితం మీద మూడువందల యాభై అని ఎక్కుతుంది. అల్లుడు ఇన్నేళ్ళూ చెప్పిన మాట నిజమవుతుంది. తప్పు దానంతటదే సరవుతుంది.

"మాట నిజవవుద్దండి. చప్పుడు అబద్ధమైపోద్ది" అన్నారాయన.

ఇంజిన్ చప్పుడుకు నిజమేమిటి, అబద్ధమేమిటి అన్నాను.

"శృతిలో అరమెట్టు తేడా ఉందండి. మీకు తెలీదు, పర్లేదు. మావాడి గొంతు నా దగ్గర రెండు ముక్కలే ఉంది చెల్లెమ్మగారూ, ఆ ఫోన్లో. మిగిలిందంతా ఆ బండి గొంతే. పెద్దది కొంటే వాడు చదివిన అంకె దక్కుద్ది. చిన్నది కొంటే వాడు విన్నది దక్కుద్ది. ఆడు పోయాక ఆడి లెక్క దిద్దమంటారా?"

జీవితమంతా పిల్లల లెక్కలు దిద్దినదాన్ని. పర్సు తీసి, చిన్న ఇంజిన్ వెలకు డబ్బు లెక్కపెట్టుకున్నాను.

చాయ్ అయ్యాక ఇంకొకటి అడిగారు. పిల్లకు చెప్పవద్దన్నారు. పిల్ల అంటే మా మనవరాలు, అప్పటికి కాలేజీలో చేరబోతోంది. వాళ్ళ నాన్న ఏళ్ళ తరబడి అంకె తప్పు చదివాడని ఆ పిల్లకు తెలియడం దేనికన్నారు. "నాన్నది ఆ పిల్లకి మిగిలిందే అదండి" అన్నారు. నేను నా అంతట నేను చెప్పననీ, తను అడిగితే మాత్రం అబద్ధమాడననీ అన్నాను.

"ఆయ్. అడగదు లెండి" అన్నారు.

చిన్న ఇంజిన్ కొన్నాం. కొన్నవాళ్ళలో తెలివిగలవాళ్ళు మేమేనని దుకాణంవాడు మెకానిక్‌తో అన్నాడట, నవ్వుతూ. బిగించడానికి నెల పైనే పట్టింది. గొట్టాలు, తీగలు, రేడియేటర్ అన్నీ మార్చారు. ఆయన రోజూ సనయ్యకు బస్సులో వెళ్ళి, ఒక మూల స్టూలు మీద కూర్చుని వచ్చేవారు. అతను పని చేస్తుంటే మాట్లాడేవారు కాదు. మెకానిక్ నాతో ఒకసారి అన్నాడు: "పెద్దాయన నా స్పానర్ చప్పుడు గూడా వింటాడమ్మా. తప్పు బిగిస్తే నాకన్నా ముందు ఆయన తల ఎత్తుతాడు. నాకు చేతులు ఆడ్తాల్యా."

సెలవులకు ముందు ఒక సాయంత్రం బండిని లారీ మీద తెచ్చి షెడ్డులోనే నిలబెట్టారు. మా అమ్మాయి పెట్టిన షరతు షెడ్డులోంచి తనంతట తాను బయటికి రావాలని కదా. మనవరాలు కిందికి పరుగెత్తింది. మెకానిక్ తాళం తిప్పాడు. రెండుసార్లు గురగురలాడి ఆగిపోయింది. మూడోసారి అందుకుంది.

నేను వంటింట్లో ఉన్నాను. పక్కన మా అమ్మాయి కూర తరుగుతోంది. ఆ చప్పుడు మెట్ల కిందినుంచి రాగానే, తను కత్తి పక్కన పెట్టి, స్టవ్ వెలిగించి, టీ గిన్నె ఎక్కించింది. పాలు పోసింది. అల్లం దంచింది. ఇంట్లో అల్లం టీ తాగే మనిషి మా అల్లుడొక్కడే. కొంచెం సేపటికి తన చేతిలోని రోకలి చూసుకుంది. స్టవ్ ఆర్పేసి, గిన్నె దించి, ఆ పాలు ఏం చేయాలో తెలియనట్టు నిలబడింది. నేను పలకరించలేదు. పలకరిస్తే పడిపోయేలా ఉంది. కింద బండి షెడ్డు దాటి వీధిలోకి వచ్చింది. "ఉంచుకుందాంలే అమ్మా" అంది, గోడవైపు చూస్తూనే.

ఆ తర్వాత ఆయన పొద్దున్న పూట ఫోన్లో ఆ రికార్డు వినడం నాకు వినబడలేదు. మానేశారో, చెవికి గట్టిగా ఆనించుకునేవారో, నేను అడగలేదు. మనవరాలికి లైసెన్స్ వచ్చాక శుక్రవారాలు బండి తీసేది. ఆయన వెనక సీట్లోనే కూర్చునేవారు. ముందు సీటు ఖాళీగా ఉన్నా అక్కడికి వచ్చేవారు కాదు. ఎందుకని అడిగితే, వెనకాలైతే బాగా వినబడుతుందనేవారు. నేను ఒక్కసారే వాళ్ళతో వెళ్ళాను. సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడల్లా ఆయన పెదాలు కదిలేవి. శృతి పట్టుకుంటున్నారో, ఎవరితోనైనా మాట్లాడుతున్నారో. నేను మొహం కిటికీవైపు తిప్పుకున్నాను. ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళం, ఒక ముసలాయన, ఇంకొకరు. ఆ ఇంకొకరిని గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు.

అలా ఉండగానే ఆయన కంటికని ఊరు వెళ్ళారు.

ఆయన కర్మలకు మా అమ్మాయి రాజమండ్రి వెళ్ళింది. కొడుకు చేయాల్సినవి తమ్ముడు చేశాడు. మనవరాలికి పరీక్షలు, అందుకని నేను ఉండిపోయాను. పదకొండో రోజున పిల్ల పరీక్ష రాసి వచ్చి, ఖోర్ ఫక్కాన్ వెళదాం అమ్మమ్మా అంది. అక్కడి సముద్రం తూర్పున ఉంటుంది, మన దేశంవైపు. ఆ నీళ్ళలో నాలుగు పువ్వులు వదులుదామంది. నేను తలస్నానం చేసి, మల్లెపూలు పొట్లం కట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను.

కొండలు మొదలయ్యాయి. పిల్ల రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

"అమ్మమ్మా, ఇది త్రీ ఫిఫ్టీ కాదని తాతయ్యకి తెలుసా?"

అడిగితే అబద్ధమాడనని ఆయనతోనే చెప్పాను. తెలుసన్నాను. నీకెప్పుడు తెలిసిందని అడిగాను.

"సెకండ్ క్లాస్‌లో. స్కూల్లో అరబిక్ మేడమ్ నంబర్స్ నేర్పించింది కదా, ఇంటికొచ్చి నాన్న బానెట్ ఎత్తితే చదివాను. నాన్న అప్పటికే అందరికీ చెప్పేసుకున్నాడు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఇంక ఆ మాట అనేవాడు కాదు కదా. అంటుంటే బాగుండేది."

బండి మలుపు తిరిగింది. తను గేరు మార్చి, మళ్ళీ మొదలుపెట్టింది. తాతయ్య ఇంజిన్ తెస్తున్నారంటే భయపడ్డానంది. నిజంగానే పెద్దది తెచ్చేస్తారేమో, చప్పుడు మారిపోతుందేమోనని. చిన్నదే తెమ్మని అడగాలంటే, నాన్న తప్పు చదివాడని తాతయ్యకు చెప్పాల్సి వస్తుంది. అందుకని నోరు మూసుకుని కూర్చుందట. బండి స్టార్ట్ అయిన సాయంత్రం అదే చప్పుడు వింటే, అదృష్టం అనుకుందట.

అదృష్టం కాదని చెప్పాను. కెఫెటేరియాలో ఆయన అన్నదంతా, అన్న మాటల్లోనే చెప్పాను. పిల్లకు చెప్పవద్దన్నారని కూడా చెప్పాను. తను విని, అద్దంలో వెనక సీటు వైపు చూసింది. "వెనక సీట్లో అన్ని శుక్రవారాలు కూర్చున్నారు. నేను ఒక్కసారి చెప్పాల్సింది" అంది. మనసు తేలిక చేసే మాట ఏదైనా చెప్పడం నా పని. నా దగ్గర అలాంటివి ఉండవు. పూల పొట్లం ఒళ్ళో సర్దుకున్నాను.

ఆ దారిలో కొండలను తొలిచి సొరంగాలు వేశారు. మొదటి దానిలోకి వెళ్ళగానే తను రెండు కిటికీల అద్దాలూ దించేసింది. గోడలకు తగిలి మా ఇంజిన్ చప్పుడు మా మీదికే తిరిగొచ్చింది. పక్కనే ఇంకో బండి, ఇలాంటిదే, మాతో సమంగా వస్తున్నట్టుంది. పిల్ల వేగం తగ్గించింది. ఆ బండీ తగ్గింది. పిల్ల కాలు నొక్కింది. ఆ బండీ అందుకుంది. ఇద్దరూ పోటీపడుతున్నట్టు, పోటీలో ఒకరినొకరు వదిలిపెట్టనట్టు. అది గోడ అని నాకు తెలుసు. అయినా నేను తల తిప్పి నా వైపు కిటికీలోంచి చూశాను. పసుపుపచ్చ దీపాలు ఒకటి తర్వాత ఒకటి రాయి మీద వెలుగుతూ వెనక్కి పోతున్నాయి. ముందు సొరంగం అవతలి నోరు తెల్లగా కనబడుతోంది. పిల్ల మళ్ళీ వేగం తగ్గించింది.